మొదటి ఆకు ఎవరికి

ఆమె పోయిందని గాజుల ఖాసింబీ వచ్చి చెప్పినప్పుడు నాకు మొదట ఏడుపు రాలేదు. ఉక్రోషం వచ్చింది. ఇక ఆమెతో వాదించి గెలిచే వీలు లేదు కదా అన్న ఉక్రోషం. నిజానికి ఆ వీలు లేకుండా పోయి ఎనిమిదేళ్ళయింది. అయినా ఇప్పుడు నేనుండే పులివెందుల నుంచి ఆమె ఊరు ప్రొద్దుటూరు ఎంత దూరం, ఏదో ఒకరోజు బస్సెక్కి పోయి ఆ చాప మీద కూర్చుని ఆమె నోరు మూయించి వస్తానని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట ఒకసారి రాయలేదు. ఇప్పుడు రాస్తే నా మంచితనాన్ని నలుగురూ మెచ్చుకుంటారు తప్ప ఆమెకు ఒరిగేదేమీ లేదు.

నేను జమ్మలమడుగులో ఎస్సెల్సీ ప్యాసై, తాలూకా ఆఫీసు గుమాస్తాను పెళ్ళి చేసుకుని ప్రొద్దుటూరికి కాపురానికి వచ్చిన నాటికి మన రాజధాని ఇంకా కర్నూలులోనే ఉంది. ఎస్సెల్సీ ప్యాసైన ఆడపిల్లను చూడటానికి వీధిలో వాళ్ళంతా వస్తారనుకున్నాను. రెండు రోజులు వచ్చారు కూడా. మూడో రోజు మధ్యాహ్నం ఒక్కరూ రాలేదు. కిటికీలోంచి చూస్తే అందరూ చంకలో చాటలు పెట్టుకుని ఎదురింట్లోకి పోతున్నారు. అది పత్తి వ్యాపారి ఇల్లు. ఆయన భార్యే ఆమె.

పేరంటమేమో అనుకున్నాను. కాదు. మరునాడూ పోయారు, ఆ మరునాడూ పోయారు. ఆ తర్వాతి రోజు నేనే సిగ్గు విడిచి ఒక చాట పట్టుకుని పోయాను.

పొడవాటి నడవలో ఈతచాప పరిచి ఉంది. మధ్యలో విత్తనానికి ఒలవవలసిన శెనక్కాయలు కుప్పగా పోసి ఉన్నాయి. చుట్టూ పది పన్నెండుమంది. ఆమె గుమ్మానికి దగ్గరగా, గోడకు ఆనుకోకుండా కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. నవ్వినప్పుడు మనమైతే కొంగు అడ్డం పెట్టుకుంటాం, ఆమె పెట్టుకునేది కాదు.

"రా పాపా, కూచో. జమ్మలమడుగు గదా మీది? సాటలో రెండు దోసిళ్ళు పోసుకో. చేతిలో పని ల్యాకుండా ఈడ ఎవురూ కూచోకూడదు. నోటితో ఏమన్నా మాట్లాడుకో."

అదీ అక్కడి కట్టుబాటు. వానలకు ముందు శెనక్కాయలు, ఎండలు ముదరకముందు చింతపండు గింజలు, ఏమీ లేనప్పుడు బియ్యంలో రాళ్ళు. ఎవరింటి పని వాళ్ళు తెచ్చుకోవచ్చు. చేతులు పనిలో ఉండాలి, మాట మాత్రం ఒక ప్రశ్న మీదే నడవాలి. ఆ ప్రశ్న కూడా వంతులవారీగా ఒకరు తేవాలి. ఇంట్లో మగవాళ్ళు దీన్ని చాటల కచేరి అని ఎగతాళి చేసేవాళ్ళు. కానీ పని జరుగుతోంది కాబట్టి ఎవరూ వద్దనలేదు.

మొదటిరోజు ప్రశ్న ఒక పదహారేళ్ళ కోడలిది. "గుళ్ళో పులిహోరలో ఉప్పు తక్కువైతే ఎవురూ ఏమనరు. ఇంట్లో తక్కువైతే యాల కేకలేస్తారు?" నేను లోపల నవ్వుకున్నాను. ఇదా వీళ్ళ తర్కం అనుకున్నాను. గంట తర్వాత చూస్తే ఆ ఉప్పు నుంచి మాట బయలుదేరి, మనిషి ఎవరి ముందు భయపడతాడు, ఎవరిని భయపెడతాడు అన్నదాకా వచ్చింది. నా చాటలో కాయలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒలవడం మరిచిపోయాను. అప్పుడే ఒళ్ళు మండటం మొదలైంది.

ఆమె చదివింది మూడో తరగతి. వేలు పెట్టి, పైకి చదివేది. ఒత్తు అక్షరం వస్తే ఆగిపోయి, "ఇది శానా బరువుండాదే, మోయలేకుండా ఉండా" అని పక్కవాళ్ళకు చూపించేది. అటువంటి మనిషి చుట్టూ పన్నెండుమంది మూగుతారు. నేను కంఠతా పట్టిన పద్యాలు, చదివిన చరిత్ర, భూగోళం అన్నీ మా ఇంట్లో నాతోపాటు కూర్చుని ఉంటాయి. ఎందుకు?

ఎందుకో తెలుసుకోవాలనే రోజూ పోయేదాన్ని. ఆమెను కనిపెడుతూ ఉండేదాన్ని. ఎవరైనా మాట మొదలుపెడితే ఆమె ఒక కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అలాగే ఉంచేది. వాళ్ళ మాట పూర్తయ్యాకే పగలగొట్టేది. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే, "ఉండు, ఆయమ్మ మాట ఇంకా అయిపోల్యా" అని పగలని కాయను ఎత్తి చూపించేది. అర్థమైనా అర్థం కానట్టు, "ఇంకోసారి చెప్పు, నాకు తలకెక్కల్యా" అనేది. మొదట్లో నిజంగానే మందమతి అనుకున్నాను. తర్వాత గమనిస్తే, బెరుకుగా గొణిగేవాళ్ళనే అలా అడిగేది. రెండోసారి చెప్పేటప్పుడు వాళ్ళ గొంతు పెరిగేది. నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఇక తాంబూలం. పొద్దు వాలే వేళకు ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, చిన్న చిన్న బెల్లం ముక్కలు పెట్టుకుని లేచేది. పసుపు, కుంకుమ ఉండవు. వితంతువైన లక్ష్మమ్మ, గాజులమ్ముకునే ఖాసింబీ కూడా తీసుకోవాలని వాటిని తీసేసిందట. "ఆకూ వక్కా అందరి నోటికీ ఒగటే" అనేది. పళ్ళెం పట్టుకుని నిలబడి, "ఈ పొద్దు ఎవురన్నా మాట మార్చుకుంటాండారా?" అని అడిగేది. వాదంలో తనది తప్పని ఒప్పుకున్నవాళ్ళకే మొదటి ఆకు. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ ఆకును గోడగూట్లో పెట్టి, మిగిలినవి పంచేది.

లోకమంతా గెలిచినవాళ్ళకు దండ వేస్తుంటే ఈమె ఓడినవాళ్ళకు ఆకు ఇస్తుందేమిటి? కొన్నాళ్ళకు అక్కడి ఆడవాళ్ళు ఆ ఆకు కోసం పోటీలు పడటం చూశాను. "అక్కా, నేను చెప్పింది తప్పే, నాకియ్యి" అని చెయ్యి చాపేవాళ్ళు. ఆమె కూడా వారానికి ఒకసారైనా తన పళ్ళెంలోంచి తానే తీసుకునేది. అది నటన అనుకునేదాన్ని. నేను ఏడాదిన్నర పోయాను. ఒక్కసారి కూడా మొదటి ఆకు తీసుకోలేదు. నేను తప్పు చెప్తే కదా!

రాజధాని హైదరాబాదుకు పోయిన కొత్తలో ఒకరోజు ప్రశ్న అదే. "రాజధాని కర్నూలు నుంచి పోతే మనకేం పోయింది?" ఇది నా పొలం, నేను దున్నాలి అనుకున్నాను. రాజధాని అంటే ఏమిటో, పరిపాలనా కేంద్రం అంటే ఏమిటో, పుస్తకంలో ఉన్నట్టు పావుగంట చెప్పాను. ఆమె కాయ పట్టుకునే ఉంది. నేను ఆపగానే పగలగొట్టింది.

"శానా బాగా చెప్పినావు పాపా. ఆ పరిపాలన మన ఇంట్లోకి ఏ దారిన వస్తాది?"

నేను మనసులోనే పుస్తకం పేజీలు తిప్పుతున్నాను. ఒకామె కిరసనాయిల దారిన అంది. ఒకామె బడిపంతులు దారిన అంది. ఖాసింబీ నవ్వి, "మా గుడిసెలోకి కోర్టు అమీనా దారినే వచ్చె మా, సామాను జప్తుకు" అంది. అప్పుడు లక్ష్మమ్మ, నెలలో రెండు మాటలు కూడా మాట్లాడని మనిషి, తలెత్తకుండానే అంది.

"నా చేని గురించి కర్నూలుకు మూడు అర్జీలు పెడితిని. జవాబు రాల్యా. ఊరు మార్చినంత మాత్రాన చెవులు వస్తాయా?"

ఇంటామె చేతిలో కాయ టప్పున పగిలింది. ఆమె మెల్లగా అంది. "అయితే లక్ష్మమ్మా, మన మాట యాడ వింటారో అదే మనకు రాజధాని అంటావు." లక్ష్మమ్మ అంత మాట అనలేదు. ఈమె ఆ మాటను ఆమె నోట్లోంచి తీసి, తుడిచి, మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టింది. లక్ష్మమ్మ ముఖం చూశాను. నా పావుగంట ఉపన్యాసం ఎవరి ముఖంలోనూ అటువంటి మార్పు తేలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదంటే నమ్మండి.

అదే నెలలో నేను మా ఇంట్లో వేరే సభ పెట్టాను. బెంచీలు వేయించాను. కాఫీ కాయించాను. చాటలు వసారాలో పెట్టి రమ్మన్నాను. చదువుకున్న సభలో శెనక్కాయల పొట్టు ఏమిటని నా ఉద్దేశం. తొమ్మిదిమంది వచ్చారు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నారు. ఏమడిగినా "మాకేం తెల్సునమ్మా" అన్నారు. అరగంటకు ఒక్కొక్కరే లేచి, "ఇంట్లో పనుండాది" అని వసారాలో చాటలు తీసుకుని పోయారు. ఎక్కడికి పోయారో చెప్పనక్కరలేదు. కిటికీలోంచి నాకు అన్నీ కనిపిస్తాయి.

సాయంత్రం ఆమే మా గడప దగ్గరికి వచ్చింది.

"పాపా, నీకు సదువుండాది. వీళ్ళకు నాలుగు అచ్చరాలు నేర్పియ్యి. మాట్లాడేది నేర్చుకున్నారు, రాసేది రాల్యా."

"సభలో ఓనమాలు దిద్దిస్తారా అక్కా?" అన్నాను. ఎంత వెటకారంగా అన్నానో నాకే ఇప్పటికీ వినపడుతుంది. ఆమె "సర్లే" అని పోయింది.

మద్రాసు నుంచి ఒక స్త్రీల మాసపత్రిక తెప్పించుకునేదాన్ని. దానికి ఒక వ్యాసం రాసి పంపాను. మా ఊళ్ళో స్త్రీలు మధ్యాహ్నం వేళ పని చేసుకుంటూ చర్చలు జరుపుకుంటున్నారని, పట్టణాల స్త్రీలు కూడా ఇటువంటి గోష్ఠులను ఈ కాలానికి తగ్గట్టు నడపాలని రాశాను. చాట, కాయ, ఆకు, అన్నీ ఉన్నాయి. ఆమె లేదు. ఆమె ఉండవలసిన ప్రతిచోటా "నేను" అని రాశాను. ఒక్కచోట కూడా కొట్టివేయలేదు. రెండు నెలలకు అచ్చయింది. మా ఆయన ఉబ్బిపోయి ఆ పత్రికను తీసుకుపోయి, ఎవరికి చూపించాడు? ఎదురింటి పత్తి వ్యాపారికే.

మరునాడు నడవలోకి పోతే ఆ పత్రిక ఆమె చాటలో ఉంది.

"నాకు ఒత్తులు మోసే ఓపిక ల్యా. నువ్వే చదివి వినిపియ్యి పాపా" అంది.

చదివాను. చదవక ఏం చేయను? "నేను ప్రారంభించిన" అన్న మాట దగ్గర గొంతు తగ్గించి చదివాను. ఒకరూ తలెత్తలేదు. ఆమె చేతిలో కాయ అలాగే ఉంది. అయిపోయాక పగలగొట్టి, రెండు గింజలూ విత్తనాల గంపలో వేసి అంది.

"శానా బాగా రాసినావు. ఒగటే అడుగుతా. దీంట్లో లక్ష్మమ్మ మాట యాడుండాది?"

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. "నీ పేరు లేదని అడగవా అక్కా?" అన్నాను మొండిగా.

"నాదేముంది పాపా. సాప పరిచినా, అంతే గదా."

చూశారా! అక్కడ కూడా నాకంటే పైమెట్టు మీదే నిలబడింది. ఆ సాయంత్రం పళ్ళెం పట్టుకుని, "ఎవురన్నా మాట మార్చుకుంటాండారా?" అని అడిగింది. అందరినీ చూసింది. చివరికి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను నా చాటలో పొట్టు ఊదుకుంటూ కూర్చున్నాను. ఆకు గూట్లోకి పోయింది. నేను లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. నాలుగు నెలలకు మా ఆయనకు పులివెందులకు బదిలీ అయింది. ఎదురిల్లు కనిపించే ఆ కిటికీ తప్పిందని సంతోషించాను.

ఈ ఎనిమిదేళ్ళలో ఆమెను మరిచిపోయానని చెప్పను. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పోబోయి, ఎత్తిపట్టిన శెనక్కాయ గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని. అందుకు కూడా ఆమె మీద కోపం వచ్చేది.

పోయిన నెల మా ఇంటికి సుగుణ అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడి పంచాయతీ సమితి ఆఫీసులో ఆడవాళ్ళ పనులు చూడటానికి కొత్తగా చేరిన గుంటూరు వైపు పిల్ల. గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తుంటే నా వ్యాసం కనిపించిందట.

"మీరేనాండీ అది మొదలుపెట్టింది? ఎంత గొప్ప ఆలోచనండీ! ఇప్పుడు మహిళా మండలులంటే కుట్లూ అల్లికలూ తప్ప ఏమీ లేవండీ. ఇక్కడ మళ్ళీ మీ చేతుల మీదుగా మొదలుపెడదామండీ."

కాదనలేదు. మొహమాటపడి ఊరుకోలేదు, ఆశపడి ఒప్పుకున్నాను. బోర్డు కూడా రాయించింది. వ్యవస్థాపకురాలు అని కింద నా పేరు. ఆదివారం మధ్యాహ్నం బడిలో మొదటి సభ. శనివారం పొద్దున ఖాసింబీ వచ్చింది. ఆమె కూతుర్ని ఈ ఊళ్ళోనే ఇచ్చారు. భుజం మీది గాజుల మలారం దించకుండానే చెప్పింది.

"మన అక్క పోయె మా. పద్దినాలాయె. సందేళ వరకూ కాయలు ఒలిచె, పండుకునె, లేవల్యా."

తర్వాత గుడ్డలో చుట్టిన ఒక పత్రిక తీసి నా చేతిలో పెట్టింది. నా వ్యాసమున్న సంచికే. అట్ట ఊడిపోయి, నూనె మరకలతో మెత్తబడి ఉంది.

"దీన్ని పారేయల్యా ఆయమ్మ. కొత్తగా వచ్చినోళ్ళతో ఇదే చదివించేది. బడిపిల్లను కూచోబెట్టి అందరికీ అచ్చరాలు నేర్పించె. రాసేది వచ్చినంక, 'పాప మీ మాట రాయడం మర్సిపోయింది, పక్కన మీరే రాయండి' అనేది. నేను కూడా రాస్తి మా. సూడు."

చూశాను. నా వ్యాసం అంచుల్లో ఖాళీ అన్నదే లేదు. పెన్సిలుతో, సిరాతో, వంకరటింకర అక్షరాలు. "ఊరు మారితే చెవులు రావు. లక్ష్మమ్మ." "అమీనా దారి. ఖాసింబీ." ఉప్పు ప్రశ్న అడిగిన కోడలి పేరు కూడా ఉంది. ఆమె మాట కోసం వెతికాను. ఆమె గొప్పలు ఎక్కడో ఒకచోట రాసుకునే ఉంటుందని, అది దొరికితే నా మనసు కుదుటపడుతుందని పేజీలన్నీ తిప్పాను. చివరి పేజీ అడుగున దొరికింది. ఒత్తులు తప్పించుకుంటూ రాసిన పెద్ద పెద్ద అక్షరాలు.

"పాపను అందరి ముందర చదివించినా. ఇంటికి పోయి అడగాల. నాది తపు."

"ఇది ఎప్పుడు రాసింది?" అని అడిగాను.

"రాసింది తర్వాత ఎప్పుడో. చెప్పింది మాత్రం నువ్వు అలిగి ఇంటికి పోయిన మర్నాడే మా. పళ్ళెం తెచ్చి, 'నేనే మాట మార్చుకుంటాండా' అనె. గూట్లో ఉన్న ముందునాటి ఆకు తీసి తానే నోట్లో వేసుకునె. ఎండిపోయి ఉండె అది."

నాకప్పుడు ఏడుపు వచ్చింది. కానీ ఎలాంటి ఏడుపు? ఆ ఆకు నాది. ఆ తప్పు నాది. నేను ఒప్పుకోవలసిన చోట ఆమె ముందు నిలబడి, నా తాంబూలం కూడా తానే తీసుకుంది. కుళ్ళుకుని ఏడ్చాను. ఖాసింబీ నాది దుఃఖమే అనుకుని వీపు నిమిరింది.

ఆదివారం సుగుణ కుర్చీలు వేయించబోతే వద్దని చాప పరిపించాను. చాటలు తెచ్చుకోమని ముందే కబురు చేశాను. పాతికమంది వచ్చారు. ఖాసింబీ కూడా ఆకూ వక్కల పళ్ళెంతో వచ్చి కూర్చుంది. సుగుణ నన్ను పరిచయం చేసి బోర్డు చూపించింది. నేను లేచి నా వ్యాసం చదివాను. తర్వాత అంచుల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే, ఎవరి మాటకు వాళ్ళ పేరు చెప్తూ చదివాను. చివరిది కూడా చదివాను. ముందు వరసలో ఒకామె కాయ ఒలవడం ఆపి నన్నే చూస్తోంది.

"నా మాట మార్చుకుంటున్నాను. ఇది నేను పెట్టింది కాదు" అన్నాను.

సుగుణ ముఖం పాలిపోయింది. ముందు వరసలో ఆమె, "మరి ఆ బోర్డు మింద ఎవురి పేరుండాలమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ పేరు నలుగురిలో పలికాను. నోట్లో కొత్తగా ఉంది.

ఖాసింబీ పళ్ళెం పట్టుకుని నా ముందుకొచ్చింది. "తీస్కో మా. ఈ పొద్దు మొదటిది నీదే."

"కాదు, ఆమె నాకంటే ముందే తీసుకుంది" అన్నాను.

పైనున్న ఆకు తీసి బడి గోడగూట్లో పెట్టి వచ్చాను. దాని కింద ఉన్నది తీసుకున్నాను.